లండన్‌కు డిజైన్ చదువుకు వచ్చే ముందు మన తీరపు గుడ్డను చూసి రండి

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఫ్యాషన్ డిజైన్‌లో డిగ్రీ పూర్తి చేశాను, సెప్టెంబరులో మాస్టర్స్ కోసం లండన్ వస్తున్నాను. మన సంస్కృతినే ఆధారం చేసుకొమ్మని కొందరు, అక్కడికి వెళ్లాక అక్కడి పద్ధతికి మారిపొమ్మని మరికొందరు చెబుతున్నారు. పోర్ట్‌ఫోలియోలో ఏది చూపించాలో తేల్చుకోలేకపోతున్నాను. సలహా ఇవ్వగలరా?

జవాబు: అమ్మా, నేనూ విశాఖ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినదాన్నే. దుస్తుల వర్క్‌రూములో ప్యాటర్న్ కటింగ్, అంటే గుడ్డ కోతకు నమూనాలు తయారుచేయడం, నా వృత్తి. మీకు అందిన రెండు సలహాల్లోనూ ఒకే లోపం ఉందని నా అభిప్రాయం. సంస్కృతి అంటే నెమలి, మామిడిపిందె, గుడి అంచు లాంటి బొమ్మల మూట అని, దాన్ని వెంట తెచ్చుకోవాలా, ఇంటి దగ్గరే వదిలేయాలా అన్నదే సమస్య అని ఇద్దరూ అనుకుంటున్నారు. ఇక్కడి అధ్యాపకులు అడిగేది అది కాదు. ఈ గుడ్డ ఇలా ఎందుకుంది, ఎవరు చేశారు, దీన్ని ఇలాగే ఎందుకు కత్తిరించారు అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబులు మీ ఊరి చుట్టుపక్కలే ఉన్నాయి కాబట్టి, విమానం ఎక్కేలోగా ఉన్న సమయాన్ని ముందు అక్కడి ప్రయాణాలకు కేటాయించండి.

మొదట పొందూరు వెళ్లండి. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊరికి విశాఖ నుంచి రైల్లో వెళ్లవచ్చు. ఖాదీ భండారులో తెల్లని పంచె కొనుక్కుని తిరిగి వచ్చేయకుండా, నూలు వడికే వారి ఇంట కూర్చుని చూడండి. గింజ విడదీయక ముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాని సన్నని పళ్ల మధ్య నుంచి పత్తి సాగినప్పుడు చెత్త విడిపోయి, పోగులన్నీ ఒకే వైపుకు వరుసగా పడతాయి. ఆ తరువాతే గింజ తీయడం, ఏకులు చేయడం, వాటిని ఎండిన అరటి డొప్పలో ఉంచుకుని రాట్నం మీద వడకడం. 100 నంబరు నూలు అంత సన్నగా రావడానికి మూలం ఆ దువ్వడంలో ఉంది. కళ్లతో చూసిన తరువాత ఆ గుడ్డను మీరు ఎలా కుట్టాలనుకుంటారన్నదే మారిపోతుంది. సన్నని ఖాదీని ఒంటికి బిగువుగా పట్టేలా కుడితే కుట్టు దగ్గర పోగులు జారతాయి. వదులుగా వదిలి, బరువును భుజం నుంచి దించితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీలు ఇలాంటి పరిశీలనకే ఇవ్వండి: ముక్కలు అతికించండి, తడిపి ఎంత కుదించుకుపోయిందో కొలిచి రాయండి, కుట్టు జారిన నమూనాను కూడా దాచకుండా పెట్టండి. పూర్తయిన గౌను ఫొటోల కంటే ఆ పేజీల ముందే పరీక్షకులు ఎక్కువసేపు ఆగడం నేను చూశాను.

వీలైతే లక్క బొమ్మలకు పేరున్న ఏటికొప్పాక కూడా చూడండి. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను తరిణె (లేత్) మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి రంగు కరిగి కర్రకు పట్టుకుంటుంది. బొమ్మలకు పరిమితమైన ఆ పని చొక్కా గుండీలకూ పనికొస్తుందని నాకు గట్టి నమ్మకం. అరకులో థింసా ఆడే స్త్రీలు చీరను పొట్టిగా కట్టి భుజం మీద ముడి వేసుకునే తీరును ఫొటోతో సరిపెట్టకుండా, అడిగి, మీ ఒంటి మీద కట్టించుకుని నేర్చుకోండి. అడుగులు కలిపి వేసే ఆ నృత్యంలో గుడ్డ కాళ్లకు ఎందుకు అడ్డురాదో అప్పుడు తెలుస్తుంది.

ఇక అక్కడికి వెళ్లాక మారాలా అన్న మీ సందేహానికి వస్తే, దూరపు రాకపోకలు డిజైన్‌ను ఎలా మారుస్తాయో మన తీరం చరిత్రే చెబుతుంది. భీమిలిలో డచ్చివారి సమాధులు మీరు చూసే ఉంటారు. ఆ డచ్చివారు, వారితోపాటు ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు కోరమండల్ అని పిలిచిన మన తూర్పు తీరానికి వచ్చినది ముఖ్యంగా గుడ్డ కోసమే. మచిలీపట్నం పరిసరాల అద్దకంలో పటిక పట్టించిన చోట మాత్రమే చిరువేరు అనే మొక్క వేరు నుంచి తీసిన ఎరుపు నిలుస్తుంది, ఎంత ఉతికినా పోదు. అలాంటి రంగు అప్పటి ఐరోపా అద్దకగాళ్లకు చేతకాలేదు. అక్కడి వర్తకులు తమ ఇళ్లకు నప్పే నమూనాలు పంపారు, నేపథ్యం తెల్లగా కావాలన్నారు. మన కళాకారులు ఆ నమూనాల్లోని పువ్వులకు తమ చేతి తీగలు, పారశీక, చైనా రీతుల కొమ్మలు కలిపి ఎక్కడా లేని చెట్టును గీశారు. నేడు మనం అచ్చమైన సంప్రదాయమని చెప్పుకునే కలంకారీ చెట్టులో అంత దూరపు రాకపోకలున్నాయి.

ఆ గుడ్డ చేరిన చోట జరిగింది ఇంకా గమనించదగినది. నెదర్లాండ్స్‌లోని హిండెలోపెన్ అనే చిన్న రేవు పట్టణంలో స్త్రీలు దానితో వెంట్కె అనే పొడవాటి కోటు కుట్టించుకున్నారు. నీలం, తెలుపు కలిసినవాటిని శోకకాలంలో ధరించేవారు. అంటే మన రంగులకు వారు తమ అర్థాలు ఇచ్చుకున్నారు. ఫ్రాన్స్ 1686లో అద్దకపు నూలు వస్త్రాలను నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని కొనసాగించింది. లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో పట్టు, ఉన్ని నేతగాళ్లు తమ బతుకుతెరువు పోతోందని 1719లో వీధుల్లో అద్దకపు దుస్తులు వేసుకున్న స్త్రీల మీద పడి బట్టలు చింపారు. 1721లో ఇక్కడా నిషేధ చట్టం వచ్చింది. మీరు లండన్ రాగానే ఆ వీధుల్లో ఒకసారి నడవండి. ఒక డిజైన్ ఒకరికి అందమూ మరొకరికి ఆకలీ ఎలా అయిందో తెలిసిన డిజైనరు, ఎవరి పనినైనా వాడుకునే ముందు ఆలోచిస్తారు.

ఇక్కడ మీకు దొరికే గొప్ప అవకాశం మ్యూజియంలు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో సాధారణ ప్రవేశానికి రుసుము లేదు. 2025లో తూర్పు లండన్‌లో తెరిచిన వారి స్టోర్‌హౌస్‌లో, కనీసం రెండు వారాల ముందు ఆన్‌లైన్‌లో కోరుకుంటే, నిల్వలో ఉన్న వస్త్రాలను మీ ముందుకు తెచ్చి చూపిస్తారు. మన తీరపు అద్దకాలను అక్కడ అడగండి. గుడ్డ వెనుక వైపు, అతుకులు, అంచులు, మాసిన చోట్లు గీసుకోండి. పూలను మాత్రమే గీసుకుని వచ్చేవారికి పుస్తకంలో బొమ్మ చూసిన దానికన్నా ఎక్కువేమీ దక్కదు.

కోత విషయంలో మాత్రం ఇక్కడ పూర్తిగా శిష్యరికం చేయండి. ఒంటి ఒంపులకు తగ్గట్టు గుడ్డను ముక్కలు చేసి కలపడంలో ఐరోపా దర్జీల విద్య చాలా లోతైనది. మన చీర, పంచె అసలు కత్తిరించని గుడ్డలు. ఈ రెండు పద్ధతుల మధ్య మీరు చేయగలిగిన పని చాలా ఉంది. మిల్లు గుడ్డ సాధారణంగా 58 అంగుళాల పన్నా (వెడల్పు) ఉంటే, మన చేనేత 45 నుంచి 48 అంగుళాలే ఉంటుంది. ఇక్కడి ప్యాటర్న్‌ను దాని మీద యథాతథంగా పరిస్తే ఖరీదైన గుడ్డ చాలా వృథా అవుతుంది. కాబట్టి పన్నాను బట్టే దుస్తు ఆకారాన్ని నిర్ణయించడం అలవాటు చేసుకోండి. జపాన్‌కు చెందిన ఇస్సే మియాకే పారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ పనిచేసి, 1970లో టోక్యో తిరిగివెళ్లి సొంత స్టూడియో పెట్టారు. తరువాతి దశాబ్దాల్లో ఒకే గుడ్డ నుంచి దుస్తును తీసే ప్రయోగాలతోనూ ప్రపంచానికి తెలిశారు. పారిస్ కోత నేర్చినా గుడ్డ గురించిన తన సొంత ఆలోచనను ఆయన వదులుకోలేదు.

సెలవుల్లో మొరాకో, పోర్చుగల్ వంటి చోట్లకు వెళితే అక్కడి నమూనాను తెచ్చి కుర్తా మీద అచ్చు వేయకండి. పొందూరును ఎవరైనా అలా వాడుకుంటే మనకెలా ఉంటుందో అంతే వారికీ ఉంటుంది. చేసినవారి పేరు, ఊరు, చెల్లించిన ధర మీ స్కెచ్‌బుక్‌లో రాయండి. మన నేతగాళ్ల విషయంలోనూ ఇదే పాటించండి. వారి అనుమతితో వారి పేర్లను కలెక్షన్ పక్కన ముద్రించండి.

చివరిగా, చాలామంది పిల్లలు తెలియక ఇబ్బందిపడే విషయం ఒకటుంది. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ స్థాయి విద్యార్థులు చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, సొంత వ్యాపారం అసలు చేయకూడదు. లండన్‌లో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఈస్ట్‌హామ్‌లో తెలిసినవారు పెళ్లి బ్లౌజులు కుట్టిపెట్టమని అడుగుతారు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్లు వస్తాయి. డబ్బు తీసుకుంటే అది స్వయం ఉపాధి కిందికే వస్తుంది. చదువు ముగిశాక గ్రాడ్యుయేట్ వీసాకు మారితే సొంతంగా పని చేసుకోవడానికి అనుమతి ఉంటుంది. అప్పటిదాకా వచ్చిన విచారణలను చిరునామాలతో సహా రాసిపెట్టుకుని, వీసా చేతికి వచ్చాక వారికి ఫోన్ చేయండి.