యాపిల్ డబ్ల్యూడబ్ల్యూడీసీ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన సంవత్సరం ఏది?

చాలామంది 2008 అంటారు. యాప్ స్టోర్ రాబోతున్న ఆ ఏడాదే ఈ డెవలపర్ల సదస్సు టికెట్లు మొదటిసారి పూర్తిగా అమ్ముడుపోయాయి. మరికొందరు ఇంటెల్ చిప్పులకు మారుతున్నట్టు చెప్పిన 2005నో, అదే ఇంటెల్‌ను వదులుకుంటున్నట్టు చెప్పిన 2020నో ఎంచుకుంటారు. నా దృష్టిలో 2014 ముందు ఇవన్నీ దిగదుడుపే.

ఆ ఏడాది జూన్ 2న శాన్ ఫ్రాన్సిస్కోలో ఉదయం పది గంటలకు కీనోట్, అంటే సదస్సు ప్రారంభోపన్యాసం, మొదలయ్యేసరికి హైదరాబాదులో రాత్రి పదిన్నర. అమీర్‌పేటలో ఒకే గదిలో నలుగురం ఉండేవాళ్లం. అప్పట్లో ఆ ప్రత్యక్ష ప్రసారం యాపిల్ పరికరాల్లో మాత్రమే వచ్చేది కాబట్టి, నలుగురికీ కలిపి ఉన్న ఒక్క పాత మ్యాక్‌బుక్‌ను బియ్యం డబ్బా మీద పెట్టుకుని చుట్టూ కూర్చున్నాం. అప్పటికి ఆరు నెలలుగా నేను ఫీజు కట్టి, ఐఫోన్ యాప్‌లు రాసే భాష ఆబ్జెక్టివ్-సీ నేర్చుకుంటున్నాను. ఆ భాషలో ఏ చిన్న పని చెప్పాలన్నా చదరపు బ్రాకెట్టు తెరవాలి, దానిలో ఇంకొకటి తెరవాలి, చివరికి ఎన్ని మూయాలో వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి.

అర్ధరాత్రి దాటింది. ఇక అయిపోయినట్టేనని ఒకడు దుప్పటి ముసుగేసుకున్న సమయంలో, సీ భాష మోపిన బరువు లేకుండా ఆబ్జెక్టివ్-సీ ఉంటే ఎలా ఉంటుందంటూ యాపిల్ సాఫ్ట్‌వేర్ విభాగాధిపతి క్రెయిగ్ ఫెడరిగీ స్విఫ్ట్ అనే కొత్త భాష పేరు బయటపెట్టాడు. 2010లోనే ఆ భాషకు పని మొదలుపెట్టిన క్రిస్ లాట్నర్ వేదికెక్కి కోడ్ రాస్తుంటే, పక్కనే ఫలితం అప్పటికప్పుడు కనబడుతోంది. దుప్పటిలోంచి తల బయటపెట్టి మా వాడు, “నీ బ్రాకెట్లు పోయాయిరా!” అన్నాడు. ఆ రోజే ఉచితంగా విడుదలైన స్విఫ్ట్ పుస్తకాన్ని దింపుకుని తెల్లవారుజాము నాలుగింటి దాకా చదివాను. నేను ఫీజు కట్టిన శిక్షణ కేంద్రం మాత్రం వారంలోగా ఫ్లెక్సీ మార్చింది గానీ, పాఠం మార్చడానికి ఏడాది తీసుకుంది.

కొనుగోలుదారులకు చూపడానికి కొత్త పరికరమేదీ లేని ఆ సభలో, అసలు వార్త కోడ్ రాసేవాడిదే కావడం వల్ల నేను దానికి అంత పెద్దపీట వేస్తున్నాను. ఇప్పుడు కీనోట్ పేరుతో మనకు చూపిస్తున్నది ముందుగా చిత్రీకరించిన సినిమా. 2020లో కరోనా వల్ల మొదలైన ఈ పద్ధతి కరోనా పోయినా పోలేదు. 1997 సభలో స్టీవ్ జాబ్స్ కుర్చీ వేసుకుని కూర్చుంటే, యాపిల్ ఆపేసిన ఓపెన్‌డాక్ అనే సాఫ్ట్‌వేర్ విషయంలో ఒకతను ఆయన్ని అందరి ముందూ ఎత్తిపొడిచాడు. జాబ్స్ కాసేపు ఆగి, ఆలోచించి, ఓపికగా జవాబు చెప్పాడు. 2010లో ఐఫోన్ 4 చూపిస్తుండగా నెట్‌వర్క్ మొరాయిస్తే, మీ వైఫైలు ఆపండని ఆయనే సభను అడగవలసి వచ్చింది. ఆ తడబాట్లలోనే సభకు ప్రాణం ఉండేదని నా గట్టి నమ్మకం. ఉచితంగా ఇంట్లో కూర్చుని చూస్తున్నాం కదా అని వాదించేవారికి నేను చెప్పేదొక్కటే: ఆ రాత్రి మేము చూసిందీ ఉచితంగానే, అయినా అవతల నిజంగా సభ జరుగుతోంది.

ఇంతా చెప్పి, స్విఫ్ట్ వచ్చిన మరుసటి ఏడాది నాకు దొరికిన మొదటి ఉద్యోగం పాత ఆబ్జెక్టివ్-సీ కోడ్‌లో తప్పులు దిద్దడం. మూడేళ్లు బ్రాకెట్లే లెక్కపెట్టాను.