పాత చైన్ కోత మిషన్‌కు ఎంత పెట్టొచ్చు?

తెనాలిలో చూసిన పాత చైన్ వరికోత మిషన్‌కు ముగ్గురు మూడు ధరలు చెప్పారు, ఎంత పెట్టొచ్చని అడిగారు కదా. వాళ్లు మోడల్ సంవత్సరం, మీటరులో కనిపించే నడిచిన గంటలు మాత్రమే చూసి ఉంటారు. మీటరు మార్చడం పెద్ద పనేం కాదండీ.

1. అదే మోడల్, అదే ఏడాదివి, ట్రాక్‌లు (చైన్లు) బాగున్నవి ఎంతకు అమ్ముడయ్యాయో కనుక్కోండి. అడిగిన ధర కాదు, చేతులు మారిన ధర.

2. ఎక్కువమంది వదిలేసేది కింది భాగం. డెల్టా బురదలో ముందు అరిగేది అదే. రబ్బరు ట్రాక్ లోపలి వైపూ చూడండి. ఉక్కు తీగలు బయటపడితే మార్చాల్సిందే. స్ప్రాకెట్ (ట్రాక్‌ను తిప్పే పళ్ల చక్రం) పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే, లేదా రోలర్లు ఊగుతుంటే, కొత్త ట్రాక్ వేసినా అది త్వరగా పోతుంది. వీటన్నిటికీ కూలీతో సహా విజయవాడ ఆటోనగర్‌లో కొటేషన్ రాయించుకుని, ఆ మొత్తాన్ని ఒకటో అంశంలో కనుక్కున్న ధరలోంచి తీసేయండి. కొత్త పెయింటుకు మాత్రం పైసా కలపొద్దు.

3. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. నూర్పిడి డ్రమ్ము తిరిగేటప్పుడు బేరింగుల చప్పుడు వినండి.

4. ఆర్సీలో బ్యాంకు అప్పు ఉంటే, ఎన్ఓసీ (అప్పు తీరిందని, అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే పత్రం) చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.

సార్వా (ఖరీఫ్) కోతల ముందు అమ్మేవాడు ధర దిగడు. కోతలు అయ్యాక బేరమాడండి.