అప్పులుంటే క్లియరెన్స్ రాదా?

పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఈమధ్యే అమెరికా సిటిజన్ అయ్యాడు. ఇక్కడే వర్జీనియాలో డిఫెన్స్ కాంట్రాక్టు పని, సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూడ్డానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, కావాలన్నారట. "అన్నా, కార్డుల మీద ఇరవై రెండు వేల డాలర్లుంది. ఇక దీని మీద ఆశ వదులుకోవాల్సిందేనా?"

నెలనెలా కడుతున్నావా అని అడిగాను. ఒక్క నెల కూడా తప్పలేదన్నాడు. మరైతే దిగులెందుకు?

అప్పు లేనివాడు ఈ దేశంలో ఎవడున్నాడు? క్లియరెన్స్ ఇచ్చే అధికారులు చూసేది ఎంత తీసుకున్నావన్నదానికన్నా ఎలా తీరుస్తున్నావన్నది. పీకల్లోతు మునిగినవాడికి డబ్బు ఎర వేయడం తేలికన్నది వాళ్ల అనుమానం. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ నుంచి నడుస్తున్న 13 గైడ్‌లైన్స్‌లో 'ఎఫ్' పూర్తిగా దీని గురించే. క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో 26వ సెక్షన్ తీసి చూడండి. గత ఏడేళ్లలో 120 రోజులు దాటిన బకాయిలు, కలెక్షన్‌కి (వసూలు ఏజెన్సీల చేతికి) వెళ్లినవి, దివాలా, వేయని ట్యాక్స్ రిటర్నులు, అన్నీ అడుగుతారు. దివాలా తీసినంత మాత్రాన తలుపులు మూసుకుపోవు గానీ, ఏళ్ల తరబడి రిటర్నులు వేయనివాడికి మాత్రం జవాబు చెప్పుకోవడం కష్టం.

మనవాళ్లు పప్పులో కాలేసేది షూరిటీ సంతకం దగ్గర. సెలవులకి ఊరెళ్తాం, బావమరిది ట్రాక్టర్ లోన్‌కి మొహమాటంతో సంతకం పెట్టి వస్తాం, ఆ తర్వాత మర్చిపోతాం. మనం గ్యారంటర్‌గా ఉన్న లోన్ అలా బకాయి పడితే, దాన్నీ ఆ సెక్షన్‌లో రాయమని స్పష్టంగా ఉంది. ఇండియా లోన్ ఇక్కడి క్రెడిట్ రిపోర్టులో రాదుగా అని వదిలేస్తే, కథ మారిపోతుంది. బాకీకి సర్దిచెప్పుకోవచ్చు, తెలిసి దాచినదానికి చెప్పుకోలేం. పైగా ఆ ఫారంలో కావాలని అబద్ధం రాయడం ఫెడరల్ నేరం.

2009లో నాకూ ఉద్యోగం పోయింది. రెండు కార్డులు కలెక్షన్‌కి వెళ్లాయి. వాళ్లతో మాట్లాడి నెలకి ఇంతని ఒప్పుకుని కట్టాను. ఉత్తరాలు, రసీదులు అన్నీ ఒక ఫైల్లో దాచాను. మా ఆవిడ నవ్వేది. ఇన్వెస్టిగేటర్ వచ్చిన రోజు ఆ ఫైలే కాపాడింది. లేఆఫ్, జబ్బు, విడాకులు లాంటివి చేయి దాటిన కారణాలేనని వాళ్లూ ఒప్పుకుంటారు. ఆ తర్వాత నువ్వేం చేశావన్నదే ప్రశ్న.

ఒకవేళ క్లియరెన్స్ ఎందుకు ఇవ్వకూడదో చెబుతూ ప్రభుత్వం నుంచి అభ్యంతరాల కాగితం వస్తే, కాంట్రాక్టర్లకి జవాబివ్వడానికి 20 రోజులే. అప్పటికప్పుడు రసీదులు వెతుక్కుంటే అయ్యే పని కాదు. హెచ్1బీ, గ్రీన్‌కార్డు వాళ్లు ఇప్పుడే కంగారు పడక్కర్లేదు, క్లియరెన్స్ సిటిజన్లకే. కానీ సిటిజన్ అయిన మర్నాడే అప్లై చేసినా, వెనక్కి తిరిగి చూసే ఏడేళ్లలో మీ గ్రీన్‌కార్డు రోజులూ ఉంటాయి.

షూరిటీ మాట ఎత్తగానే తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. "ఒకటుందన్నా" అన్నాడు చివరికి. తెనాలి బ్యాంకు నుంచి లోన్ స్టేట్‌మెంట్ తెప్పించుకోమన్నాను.