కొత్త ఫోనులో కాల్స్ వస్తున్నాయి, ఓటీపీ రావడం లేదు: సమాధానం

లోపం ఫోనుది కాదు. పాత సిమ్ కొత్త ఫోనులో పట్టక, అదే నంబరుపై నిన్న సాయంత్రం చిన్న సిమ్ తీసుకున్నానని రాశారు. చిక్కు అక్కడే ఉంది. సిమ్ మార్చాక 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. మన నంబరుపై మరొకరు సిమ్ తీసుకుని ఖాతా ఊడ్చేయకుండా పెట్టిన నిబంధన ఇది. కాల్స్, డేటా మామూలుగా ఉంటాయి కాబట్టి అనుమానమంతా ఫోను మీదికే పోతుంది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మీరు ఫోను కొన్న దుకాణానికి వెళ్లి పోట్లాడకండి, పాపం దుకాణదారు తప్పు లేదు.

1. 24 గంటలు నిండేదాకా ఆగండి. ఓటీపీ కోసం పదే పదే నొక్కవద్దు.

2. చాలామంది వదిలేసేది ఇదే. యూపీఐ యాప్ నమోదుకు ఎస్సెమ్మెస్ మీ ఫోను నుంచి బయటికి వెళ్లాలి, లోపలికి రావడం ఒక్కటే చాలదు. మీకు రెండు సిమ్‌లు ఉన్నాయన్నారు. యాప్ అడిగినప్పుడు బ్యాంకులో ఇచ్చిన నంబరున్న సిమ్‌నే ఎంచుకోండి. అందులో రీచార్జి గడువు ఉందో లేదో చూడండి. ఎస్సెమ్మెస్ అనుమతి అడిగితే ఇవ్వండి. ముందే వద్దని నొక్కి ఉంటే, సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు తెరిచి అనుమతులు మార్చండి.

3. వాట్సాప్‌కు ఇంత నిరీక్షణ అక్కరలేదు. ఫోన్ కాల్ ద్వారా కోడ్ చెప్పించుకునే వీలుంది.

వేరుశనగ విత్తనాలకు డబ్బు పంపాలన్నారు కదా, కొత్త ఫోనులో యూపీఐ మొదలైన తొలి 24 గంటలు 5,000 రూపాయలకు మించి సాధారణంగా వెళ్లదు. తొందరైతే బ్యాంకుకు వెళ్లి కట్టండి.