చెత్త బండి మళ్ళీ రాలేదు: కౌన్సిల్ మీద అంబుడ్స్‌మన్ దాకా వెళ్ళాలంటే

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. మా నాన్నగారికి 78 ఏళ్ళు, నాకు రెండు గంటల దూరంలో వేరే ఊళ్ళో ఒక్కరే ఉంటారు. పక్షవాతం వచ్చాక వాకర్ లేకుండా నడవలేరు. అందుకని కౌన్సిల్ (అక్కడి మున్సిపాలిటీ) వాళ్ళు ఆయనకి అసిస్టెడ్ కలెక్షన్ ఇచ్చారు. అంటే చెత్త తీసుకెళ్ళేవాళ్ళే గేటు లోపలికి వచ్చి, బిన్ తీసుకెళ్ళి ఖాళీ చేసి, మళ్ళీ లోపల పెట్టాలి. 14 నెలలుగా సగం సార్లు అది జరగడం లేదు. బిన్ ముట్టుకోకుండా పోతారు, లేదా ఖాళీ చేసి రోడ్డు పక్కనే వదిలేస్తారు. ప్రతిసారీ నేను కౌన్సిల్ యాప్‌లో రిపోర్ట్ చేస్తున్నాను, ప్రతిసారీ సారీ అని ఈమెయిల్ వస్తుంది, మళ్ళీ మామూలే. ఫోన్ చేస్తే అది కాంట్రాక్టర్ పని అంటారు. అంబుడ్స్‌మన్‌కి (కౌన్సిళ్ళ మీద ఫిర్యాదుల్ని స్వతంత్రంగా విచారించే అధికారి) రాయమని కొందరు, కోర్టుకి వెళ్ళమని కొందరు, కౌన్సిల్ టాక్స్ కట్టడం ఆపేయమని ఇంకొందరు చెబుతున్నారు. అంబుడ్స్‌మన్ అసలు ఏం చేయగలరు? లాయర్ని పెట్టుకోవాలా? నాన్నగారేమో 'వద్దమ్మా, పాపం ఆ కుర్రాళ్ళ ఉద్యోగాలు పోతాయి' అంటున్నారు.

జవాబు: కౌన్సిల్ టాక్స్ మాత్రం ఆపకండి. అది చెత్త తీసుకెళ్ళినందుకు ఇచ్చే కూలి కాదు, పన్ను. సర్వీసు సరిగ్గా లేదని ఆపితే కౌన్సిల్ మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్ళి లయబిలిటీ ఆర్డర్ (బకాయి వసూలు చేసుకోవడానికి కోర్టు ఇచ్చే ఉత్తర్వు) తెచ్చుకుంటుంది, దాని ఖర్చులు కూడా మీ నాన్నగారి నెత్తినే పడతాయి, అప్పటిదాకా తప్పు వాళ్ళదైనది కాస్తా మీది అయిపోతుంది.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం చదివితే 14 నెలలుగా మీరు ఫిర్యాదు చేస్తూనే ఉన్నారని అనిపిస్తుంది, మీరూ అలాగే అనుకుంటున్నారు, కానీ కౌన్సిల్ లెక్కలో మీరు ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదు. యాప్‌లో 'ఈ వారం బిన్ తీయలేదు' అని పెట్టినది సర్వీస్ రిక్వెస్ట్ కిందికి వస్తుంది. అంటే బండి పంపించండి అని అడిగినట్టు. బండి రెండు రోజులకి వచ్చి వెళ్ళగానే ఆ రిపోర్టు క్లోజ్ అయిపోతుంది, వచ్చే వారం మీరు పెట్టేది మళ్ళీ కొత్త రిపోర్టు, కొత్త రిఫరెన్స్ నంబర్, వెనకటిది ఎవరూ తీసి చూడరు. ఇలా ఎన్ని పెట్టినా వాటన్నిటినీ కలిపి 'ఎందుకిలా మళ్ళీ మళ్ళీ జరుగుతోంది' అని ఆలోచించాల్సిన మనిషి టేబుల్ మీదికి అది చేరదు. ఇప్పుడు మీరు నేరుగా అంబుడ్స్‌మన్‌కి రాస్తే, ముందు కౌన్సిల్ ఫిర్యాదుల పద్ధతి పూర్తి చేసి రండి అని తిప్పి పంపేస్తారు. చట్టమే అలా ఉంది: కౌన్సిల్‌కి విషయం తెలియజేసి, విచారించి జవాబు చెప్పడానికి తగినంత అవకాశం ఇచ్చాకే అంబుడ్స్‌మన్ సాధారణంగా చేపడతారు.

కాబట్టి ఈ రోజే కౌన్సిల్ వెబ్‌సైట్లో మిస్డ్ బిన్ ఫారం కాకుండా కంప్లైంట్స్ పేజీ వెతికి పట్టుకోండి. మొదటి వాక్యమే 'ఇది ఒక్కసారి మిస్ అయిన బిన్ గురించి కాదు, 14 నెలలుగా అసిస్టెడ్ కలెక్షన్ విఫలమవుతున్నందుకు స్టేజ్ వన్ ఫిర్యాదు' అని ఇంగ్లీషులో స్పష్టంగా రాయండి. మీ దగ్గరున్న రిఫరెన్స్ నంబర్లన్నీ తేదీల వారీగా కింద పెట్టండి. ఆ యాప్ రిపోర్టులు ఫిర్యాదు కాలేదు గానీ సాక్ష్యంగా మాత్రం బంగారమే, ఎందుకంటే అవి కౌన్సిల్ సొంత రికార్డులు, కాదనడానికి వీల్లేదు.

2024 ఫిబ్రవరిలో అంబుడ్స్‌మన్ కౌన్సిళ్ళకి ఒక ఫిర్యాదుల కోడ్ విడుదల చేశారు. దాని ప్రకారం రెండే స్టేజీలు ఉండాలి. ఫిర్యాదు అందిందని 5 పనిదినాల్లో చెప్పాలి, ఆ తర్వాత 10 పనిదినాల్లో స్టేజ్ వన్ జవాబు ఇవ్వాలి. మీకు నచ్చకపోతే స్టేజ్ టూ అడగొచ్చు, దానికి 20 పనిదినాలు. కొన్ని సందర్భాల్లో కారణం చెప్పి గడువు పొడిగించుకోవచ్చు. గడువులన్నీ దాటినా జవాబు రాకపోతే ఆ మౌనాన్నే చూపించి అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు.

ఇంకో గడువు మీ మీద ఉంది, దీన్ని జాగ్రత్తగా గమనించండి. సమస్య మీకు మొదట తెలిసిన రోజు నుంచి 12 నెలల్లోపు అంబుడ్స్‌మన్‌కి చేరాలి. చాలామంది ఆ 12 నెలలూ కౌన్సిల్ ఆఖరి జవాబు ఇచ్చిన రోజు నుంచి అనుకుంటారు, అది తప్పు, కౌన్సిల్ దగ్గర గడిచిన కాలం కూడా అందులోకే వస్తుంది. సరైన కారణం ఉంటే పాత విషయాలు కూడా చూసే విచక్షణ వాళ్ళకి ఉంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. మీ కేసులో మొదటి నెలలు వదిలేసినా ఇటీవలి నెలల వైఫల్యం ఒక్కటే సరిపోతుంది, పాతవి నేపథ్యంగా చెప్పండి. ఇంకో ఆరు నెలలు చూద్దాం అని మాత్రం అనుకోవద్దు.

మీ నాన్నగారి కౌన్సిల్ కూడా ఇంగ్లండ్‌లోదే అయితే మీరు వెళ్ళాల్సింది లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్ దగ్గరికి. 1974 నాటి లోకల్ గవర్నమెంట్ చట్టం కింద ఏర్పడిన వ్యవస్థ. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకి వేర్వేరు అంబుడ్స్‌మన్లు ఉన్నారు. ఒకప్పుడు కౌన్సిలర్ ద్వారానే వెళ్ళాల్సి వచ్చేది, 1988లో చట్టం మార్చాక ఎవరైనా నేరుగా రాయొచ్చు. పైసా ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు. ఈ పనికి ఫీజు అడిగే వాళ్ళెవరైనా కనిపిస్తే దూరంగా ఉండండి. పౌరసత్వంతోనూ సంబంధం లేదు (వీసా మీద ఉన్నాం, ఫిర్యాదు చేస్తే ఏమవుతుందోనని టెన్షన్ పడేవాళ్ళు మనలో చాలామంది, అందుకే చెబుతున్నాను). నష్టపోయింది మీ నాన్నగారు కాబట్టి ఫిర్యాదు ఆయన పేరు మీద వెళ్ళాలి, ఆయన తరఫున మీరు మాట్లాడడానికి ఒప్పుకుంటున్నట్టు ఆయన సంతకం ఒకటి తీసుకోండి. ఆ కాగితం కౌన్సిల్ దగ్గరా పనికొస్తుంది, లేకపోతే డేటా ప్రొటెక్షన్ పేరు చెప్పి మీతో మాట్లాడరు.

మరి లోపల ఏం జరుగుతుంది? ముందు ఇది తాము చూడదగ్గ విషయమేనా అని పరిశీలిస్తారు. ఇక్కడే చాలా ఫిర్యాదులు ఆగిపోతాయి. పార్కింగ్ జరిమానా, కౌన్సిల్ టాక్స్ బ్యాండ్ (ఇల్లు ఏ పన్ను శ్రేణిలోకి వస్తుందన్నది) లాంటి వాటికి ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసుకునే దారి ఉంది కనుక అవి మామూలుగా తీసుకోరు. కౌన్సిల్ ఇంట్లో అద్దెకుంటూ రిపేర్ల గురించి గొడవైతే హౌసింగ్ అంబుడ్స్‌మన్ వేరే ఉన్నారు. ఊళ్ళో అందరికీ లేదా దాదాపు అందరికీ ఒకేలా వర్తించే విషయం, ఉదాహరణకి వారానికోసారి వచ్చే బండిని రెండు వారాలకోసారి చేశారనుకోండి, దాన్నీ ముట్టుకోరు. మీది అలాంటిది కాదు. ఇది ఒక మనిషికి, ఆయన వైకల్యం చూసి ఇస్తామని ఒప్పుకున్న సర్వీసు.

తీసుకుంటే ఒక ఇన్వెస్టిగేటర్‌కి అప్పగిస్తారు. ఆయనో ఆవిడో కౌన్సిల్‌ని ప్రశ్నలు అడిగి రికార్డులు తెప్పిస్తారు: ఆ ఇంటికి మిస్సయిన తేదీల లాగ్, ఆ వీధికి వెళ్ళిన బండి ట్రాకర్ వివరాలు, సిబ్బందికి ఆ ఇల్లు అసిస్టెడ్ అని చూపించే లిస్టు, సూపర్‌వైజర్ ఎప్పుడైనా వచ్చి చూశారా, కాంట్రాక్టర్‌తో ఏం మాట్లాడారు. కాగితాలు తెప్పించే విషయంలో హైకోర్టుకి ఉన్నలాంటి అధికారాలు అంబుడ్స్‌మన్‌కి ఉన్నాయి, మామూలు మనిషి అడిగితే నెలలు తిప్పే కౌన్సిల్ అక్కడ తిప్పలేదు. తర్వాత ముసాయిదా నిర్ణయం రాసి మీకూ కౌన్సిల్‌కీ ఇద్దరికీ పంపుతారు. తేదీ తప్పు పడినా, ముఖ్యమైన విషయం వదిలేసినా అప్పుడే చెప్పాలి. దయచేసి ఆ ముసాయిదాని వరస వరసా చదవండి, బాగానే ఉందిలే అని పక్కన పెట్టేసి తుది నిర్ణయం వచ్చాక బాధపడేవాళ్ళే ఎక్కువ.

కాంట్రాక్టర్ సాకు అక్కడ నడవదు. ఇంటి చెత్త తీసుకెళ్ళే బాధ్యత 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం 45వ సెక్షన్ కింద కౌన్సిల్‌దే. పని ప్రైవేటు కంపెనీకి ఇచ్చినంత మాత్రాన బాధ్యత చేతులు మారదు, కౌన్సిల్ తరఫున ఎవరు పనిచేసినా వాళ్ళ తప్పుని కౌన్సిల్ తప్పుగానే అంబుడ్స్‌మన్ చూస్తారు. ఈసారి ఫోన్లో ఆ మాట అంటే వాదించకండి, అన్నవాళ్ళ పేరు, తేదీ రాసిపెట్టుకోండి చాలు.

నిర్ణయంలో రెండు ప్రశ్నలుంటాయి. కౌన్సిల్ చేసిన తీరులో తప్పుందా? ఉంటే దానివల్ల మీ నాన్నగారికి ఏం అన్యాయం జరిగింది? మొదటిదానికి మీ రిఫరెన్స్ నంబర్లు సమాధానం చెబుతాయి. రెండోదాని గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు! బిన్ రోడ్డు పక్కనే వదిలేసిన రోజు ఆయన ఏం చేస్తున్నారు? వాకర్ వదిలేసి, ఒక చేత్తో గోడ పట్టుకుని ఇంకో చేత్తో బిన్ లాక్కొస్తున్నారా? పక్కింటి వాళ్ళని బతిమాలుకుంటున్నారా? చెత్త సంచులు వంటింట్లోనో వెనక వరండాలోనో పేరుకుపోయి వాసన వచ్చిందా? దాని కోసమే మీరు పని మానుకుని రెండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళారా? ఇవే రాయాలి. మన పెద్దవాళ్ళు 'ఏం పర్లేదమ్మా' అని సరిపెట్టుకుంటారు, ఫోన్లో అడిగితే మీకూ అదే చెబుతారు. ఎదురుగా కూర్చుని పోయిన నెల ఒక్కో వారం ఏం జరిగిందో అడిగి మీరే రాసుకోండి. ఫోటో తీస్తే బిన్‌తో పాటు గేటు నుంచి ఇంటి తలుపు దాకా ఉన్న దూరం కూడా పడేలా తీయండి.

2010 నాటి ఈక్వాలిటీ చట్టం ప్రకారం వైకల్యం ఉన్నవాళ్ళకి తగిన సర్దుబాట్లు చేయడం కౌన్సిల్ బాధ్యత. ఆ మాట ఫిర్యాదులో రాయండి. చట్టాన్ని ఉల్లంఘించారని తీర్పు చెప్పే పని మాత్రం కోర్టుది. ఆ బాధ్యతని కౌన్సిల్ పట్టించుకుందా లేదా అన్నంతవరకే అంబుడ్స్‌మన్ చెబుతారు.

తప్పు తేలితే ఏం వస్తుందంటే, ముందు రాతపూర్వకమైన క్షమాపణ, పడ్డ ఇబ్బందికి కొంత డబ్బు (ఇలాంటి కేసుల్లో మహా అయితే కొన్ని వందల పౌండ్లు, పెద్ద పరిహారం ఆశించకండి), అన్నిటికన్నా విలువైనది కొన్ని వారాల పాటు ఆ ఇంటి కలెక్షన్‌ని ప్రత్యేకంగా గమనించమని చెప్పడం. ఆ మూడోదాని కోసమే మీరు వెళ్ళాలని నా ఉద్దేశం. 'ఇన్ని వారాలు సూపర్‌వైజర్ స్వయంగా చూడాలి, తప్పితే మాకు ఎవరు ఫోన్ చేస్తారో పేరు చెప్పాలి' అని స్టేజ్ వన్ ఫిర్యాదులోనే అడగండి, ఏం కావాలో అడగని ఫిర్యాదుకి సారీ తప్ప ఏమీ రాదు.

ఈ సిఫార్సుల్ని కోర్టు తీర్పులా అమలు చేయించలేం, నిజమే. కానీ కౌన్సిళ్ళు దాదాపు ఎప్పుడూ పాటిస్తాయి. మొండికేస్తే అంబుడ్స్‌మన్ బహిరంగ నివేదిక ఇవ్వొచ్చు, అప్పుడు కౌన్సిల్ రెండు వారాల్లో పత్రికల్లో ప్రకటన వేయాలి, మూడు నెలల్లో ఆ నివేదికని పరిశీలించి ఏం చేస్తుందో చెప్పాలి. మామూలు నిర్ణయాలు కూడా చాలావరకు పేర్లు తీసేసి వెబ్‌సైట్లో పెడతారు. మీ నాన్నగారి కౌన్సిల్ పేరు, అసిస్టెడ్ కలెక్షన్ అన్న మాట కొట్టి వెతకండి. అదే కౌన్సిల్ మీద ఇలాంటిదే దొరికితే మీ ఫిర్యాదులో దాని నంబర్ రాయండి, ముందొకసారి సరిచేసుకుంటామని మాటిచ్చి మళ్ళీ అదే చేస్తున్నారన్నది చాలా గట్టి పాయింట్.

కోర్టు సంగతి. ఈక్వాలిటీ చట్టం కింద కౌంటీ కోర్టులో కేసు వేయొచ్చు, గడువు ఆరు నెలలే, ఖర్చుల భయం ఉంది, పైగా అదే విషయం మీద కేసు వేశాక అంబుడ్స్‌మన్ దారి మూసుకుపోతుంది. బిన్ కోసమైతే నేను ఆ సలహా ఇవ్వను.

నాన్నగారికి ఇది చదివి వినిపించండి. అంబుడ్స్‌మన్ ఎవరి ఉద్యోగమూ తీసేయరు, తీసేయమని చెప్పరు కూడా, సిబ్బంది మీద చర్యలు వాళ్ళ పరిధిలోకే రావు. చూసేది కౌన్సిల్ అనే సంస్థని. ఇలాంటి చోట చాలాసార్లు బయటపడేది ఏంటంటే, బండి మీదున్న కుర్రాళ్ళకి ఇచ్చిన లిస్టులో ఆ ఇల్లు అసిస్టెడ్ అని ఉండదు, లేదా ప్రతి వారం బండి మీద కొత్త మనుషులు, వాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరు. అది ఆఫీసులో కూర్చున్నవాళ్ళు సరిచేయాల్సిన పని, మీరు రాస్తేనే ఆ కుర్రాళ్ళకీ సరైన లిస్టు చేతికొస్తుంది.