ఆయిల్ బావుల ఎడారిలో బండి ఎక్కడ ఆపాలి?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది టెక్కలి దగ్గర పల్లె. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, అక్టోబర్ మొదట్లో మేమిద్దరం వెళ్తన్నాం. కార్లో కార్ల్స్‌బాడ్ గుహలకి తీసుకెళ్తానంటన్నాడు. దారంతా ఎడారి, ఆయిల్ బావులు తప్ప ఏటీ ఉండదు, ఒక్క పట్టున పోయొద్దాం అంటాడు. మా ఆయనకి షుగరు, నాకు మోకాళ్ళ నొప్పులు. దారిలో నీడ, బాత్రూమ్, కాసేపు కాళ్ళు చాపుకుని అన్నం తినే చోటు ఏటైనా ఉంటాదా? మీరు ఆ దారిన వెళ్ళొచ్చానని ఒకసారి రాశారు గదా.
– ఓ తల్లి, టెక్కలి

జవాబు: అమ్మా, ముందు మీ అబ్బాయికి చెప్పండి, టెక్సాస్‌లోని డల్లాస్ నుంచి పక్క రాష్ట్రం న్యూ మెక్సికోలో ఉన్న ఆ గుహలకి, అది ఒక్క పట్టున పోయే దారి కాదు. 700 కిలోమీటర్లు పైనే ఉంటుంది, అంటే మన శ్రీకాకుళంలో బయల్దేరి హైదరాబాద్ వెళ్ళినట్టు. కానీ మన హైవే మీద అయితే అడుగడుక్కీ టీ కొట్టో గుడో చింతచెట్టో ఉంటాయి, ఎక్కడ ఆపినా ఒక మనిషి కనిపిస్తాడు. అక్కడ అబిలీన్ దాటాక చెట్లు పొట్టివైపోతాయి, మిడ్‌లాండ్ దగ్గరికొచ్చేసరికి ఇక మైదానమే, దాని నిండా ఆయిల్ పంపులు తల పైకీ కిందికీ ఊపుకుంటూ, మన పాతకాలం ఏతాలు ఎవరూ తొక్కకుండానే తొక్కుతున్నట్టు కదుల్తుంటాయి. పర్మియన్ బేసిన్ అంటారు ఆ ప్రాంతాన్ని. 1923లో శాంటా రీటా అనే బావిలో ఆయిల్ పడ్డప్పటి నుంచి ఆ నేల కథే మారిపోయింది.

నా సంగతి చెప్తాను, ఎందుకంటే మీకూ అదే జరుగుతుందని నా భయం. మా అమ్మాయీ అల్లుడూ తీసుకెళ్ళారు నన్ను. దారిలో రెస్ట్ ఏరియా బోర్డు కనిపించగానే మా అల్లుడు అత్తయ్యగారూ ఆపమంటారా అని అడిగాడు, నేను మొహమాటానికి అక్కర్లేదు బాబూ అన్నాను. తర్వాత గంట పైన ఎక్కడా ఏమీ లేదు. అసలు పొద్దున్నుంచీ నేను నీళ్ళే తాగలేదు, తాగితే ఆపాల్సొస్తుందని. మర్నాటికి జ్వరం, మూత్రంలో మంట, గుహల కోసం వెళ్ళి హోటల్ రూమ్‌లో పడుకున్నాను. మన ఆడవాళ్ళం ప్రయాణం అంటే నీళ్ళు మానేస్తాం, అది మన ఊళ్ళో బస్సుల్లో పడ్డ అలవాటు, అక్కడి పొడి గాలిలో అది చాలా ప్రమాదం, చెమట పట్టినట్టే తెలీదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. కాబట్టి నీళ్ళు తాగండి, గంటన్నరకోసారి ఆపమని గట్టిగా అడగండి, అవసరం లేకపోయినా ఆపండి. షుగరున్న మీ ఆయనకి ఇది ఇంకా ముఖ్యం, ఇన్సులిన్ వాడితే మాత్రం ఆపిన కార్లో వదిలేసి దిగొద్దు, ఎండకి కారు పొయ్యిలా కాలిపోతుంది.

టెక్సాస్‌లో బోర్డులు రెండు రకాలు, ఇది తెలియకే చాలామంది ఇబ్బంది పడతారు. రెస్ట్ ఏరియా అంటే బాత్రూమ్‌లు, మంచినీళ్ళు ఉంటాయి. పిక్నిక్ ఏరియా అంటే పైన కప్పున్న బల్లలే, చాలాచోట్ల బాత్రూమ్ ఉండదు. మొదటిది కనిపిస్తే వదలొద్దు, రెండోది అన్నం తినడానికి. రెస్ట్ ఏరియాలో 24 గంటల వరకూ ఆగనిస్తారు, టెంట్ వెయ్యనివ్వరు. బల్ల కిందకి చూడకుండా చెయ్యి గానీ కాలు గానీ పెట్టొద్దు, తోక గిలక్కాయలా ఆడించే పాములుంటాయి అక్కడ.

ఇక నాకు నచ్చిన చోట్లు చెప్తాను. బిగ్ స్ప్రింగ్ ఊళ్ళో కొండ మీద చిన్న స్టేట్ పార్క్ ఉంది, కారు పైదాకా వెళ్తుంది, మోకాళ్ళకి పని లేదు, 1930లలో కరువు రోజుల్లో పని లేని కుర్రాళ్ళతో ప్రభుత్వం కట్టించిన రాతి గోడలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఊరికి పేరు తెచ్చిన ఊట మాత్రం ఎప్పుడో ఎండిపోయింది. ఆ రాత్రికి మిడ్‌లాండ్‌లో పడుకోండి, హోటల్ ముందే బుక్ చేసుకోండి, వారం మధ్యలో ఆయిల్ పనివాళ్ళతో రూములు నిండిపోయి రేట్లు పెరుగుతాయి.

పొద్దున్నే మిడ్‌లాండ్‌లో ఐ-20 వైల్డ్‌లైఫ్ ప్రిజర్వ్ అనే చోటుకి వెళ్ళండి, ఐ-20 అంటే మీరు వెళ్ళే హైవే పేరే. పేరు పెద్దది గానీ చోటు చిన్నదే, సుమారు 100 ఎకరాలు. వాన నీళ్ళు నిలిచే పల్లపు చెరువు, ప్లాయా అంటారు, దాని చుట్టూ చదునైన కాలిబాట, పక్షుల్ని చాటు నుంచి చూసే చెక్క గూళ్ళు. మీ టెక్కలి పక్కనే తేలినీలాపురంలో పెలికాన్‌లు ఎంత దూరం నుంచో వచ్చి చింతచెట్ల మీద వాలతాయి గదా, ఇక్కడా అంతే, చుట్టూ ఆయిల్ కంపెనీల యార్డులు, పక్కన హైవే రొద, మధ్యలో ఆ కాస్త నీటికోసం పక్షులు దిగుతాయి. నేను అక్కడ గంట కూర్చున్నాను, లేవబుద్ధి కాలేదు.

ఒడెస్సా ఊరు దాటాక అదే హైవే మీద 108వ ఎగ్జిట్, అంటే పక్కకి దిగే దారి, దగ్గర ఉల్క పడిన గుంట ఒకటుంది. సుమారు 170 మీటర్ల వెడల్పు, కానీ మట్టి పూడిపోయి లోతు పెద్దగా కనపడదు. టైముంటే చూడండి, లేకపోతే వదిలెయ్యండి.

కానీ 86వ ఎగ్జిట్ మాత్రం వదలొద్దు. మోనహాన్స్ శాండ్‌హిల్స్ స్టేట్ పార్క్, 3,840 ఎకరాల ఇసుక దిబ్బలు, కొన్ని 70 అడుగుల ఎత్తు. మన బారువ వైపు సముద్రపొడ్డున మొగలి పొదల మధ్య ఉండే దిబ్బల్ని ఎన్నో రెట్లు పెంచి, సముద్రాన్ని తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అక్కడ హవార్డ్ ఓక్ అని ఒక చెట్టుంది, మీ నడుం దాకా కూడా రాదు, మొక్కేమో అనుకుంటాం, అది పూర్తిగా ఎదిగిన చెట్టే, కాయలు కూడా కాస్తుంది, దాని బలమంతా వేళ్ళలోనే, ఇసుకలో లోతుకి దిగి దిబ్బని పట్టుకుని ఉంటుంది. ఇసుక కింద తక్కువ లోతులోనే నీళ్ళుంటాయి, పూర్వం అక్కడి ఆదివాసులు ఆ నీళ్ళ కోసమే వచ్చి ఆగేవారు. అంటే మనకంటే ముందే అది మజిలీ. పిల్లలు పళ్ళేల్లాంటి బిళ్ళల మీద కూర్చుని జారతారు, మీరు కప్పున్న బల్ల దగ్గర కూర్చుని పెరుగన్నం తినండి. మధ్యాహ్నం ఇసుకలోకి చెప్పుల్లేకుండా వెళ్ళొద్దు. ఇసుకలో తిరగడానికి పొద్దున గానీ సాయంత్రం గానీ బాగుంటుంది.

అక్కడి నుంచి పేకోస్ వెళ్ళి ట్యాంక్ నింపించి ఉత్తరానికి తిరగాలి, 285 రోడ్డు. లారీల వల్ల ఎన్నో ప్రాణాలు పోయి అక్కడివాళ్ళు దాన్ని చావు రోడ్డు అనేవారు. పగటిపూటే వెళ్ళండి, దారిలో ఆపుకునే చోటు పెద్దగా లేదు, పేకోస్‌లోనే అందరూ బాత్రూమ్‌కి వెళ్ళి రండి. న్యూ మెక్సికోలో అడుగు పెడితే గడియారం గంట వెనక్కి. కార్ల్స్‌బాడ్ ఊరి పైన కొండ మీద లివింగ్ డెజర్ట్ అనే చిన్న జూ ఉంది, రెండు కిలోమీటర్ల నడక, ఓపిక లేకపోతే మధ్యలో కూర్చోవచ్చు. గుహలకి ముందే టైము బుక్ చేసుకోవాలి, లిఫ్ట్ ఉంది కాబట్టి మోకాళ్ళ భయం వద్దు, 750 అడుగులు కిందికి దింపుతుంది. లోపల ఏడాది పొడుగునా 13 డిగ్రీలే, శాలువా మర్చిపోకండి. సాయంత్రం గబ్బిలాలు గుంపులుగా బయటికొస్తాయి, అక్టోబర్ మొదట్లో ఇంకా ఉంటాయి, అప్పుడు ఫోన్లు ఆపెయ్యమంటారు, ఆపెయ్యండి.

తిరుగు ప్రయాణంలో ఒక పూట మిగిలితే పేకోస్ నుంచి దక్షిణానికి 65 కిలోమీటర్లు వెళ్ళి బాల్మోరియా చూడండి. ఎడారిలో భూమిలోంచి రోజుకి కోటిన్నర గ్యాలన్ల నీళ్ళు ఊరే చోటు, దాని మీద 1930లలో పెద్ద కొలను కట్టారు, నీళ్ళు ఎప్పుడూ 22 నుంచి 24 డిగ్రీలు. మన ఎస్.కోట పుణ్యగిరి ధార దగ్గర నిలబడితే ఎలా ఉంటుందో నాకు అక్కడ అలాగే అనిపించింది. ఆ చుట్టుపక్కలే ఫోర్ట్ స్టాక్‌టన్‌లో కొమాంచీ స్ప్రింగ్స్ అనే ఊట కూడా ఇలాగే ఉండేదట, సాగుకి మోటార్లు పెట్టి తోడేస్తే 1961కి ఎండిపోయింది. అందుకే బాల్మోరియా నీళ్ళలో కాళ్ళు పెట్టినప్పుడు నాకు సంతోషం, భయం రెండూ కలిగాయి. జనం ఎక్కువైతే లోపలికి పంపరు, పాస్ ముందే తీసుకోమనండి.

ప్రశ్న: మా అన్నయ్య మిడ్‌లాండ్ దగ్గర పనిచేస్తున్నాడు. రోడ్డు పక్కన కుళ్ళిన గుడ్డు వాసనొస్తే ఆగకు అంటాడు. ఎందుకని? నేనూ త్వరలో అక్కడికి వెళ్తున్నా.
– రాజాం పాఠకుడు

జవాబు: మీ అన్నయ్య మాట వినండి బాబూ. అది హైడ్రోజన్ సల్ఫైడ్, కొన్ని బావుల్లోంచి ఆయిల్‌తో పాటు వస్తుంది. గాలి కంటే బరువు కాబట్టి పల్లంలో పేరుకుంటుంది, ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, వాసన పోయింది కదా అని అక్కడే ఉంటే ప్రాణం పోతుంది. ఫొటో కోసమో నిద్రకోసమో బావుల వైపు వెళ్ళే తెల్ల మట్టి లీజు రోడ్లలోకి బండి తిప్పొద్దు, అది వేరే వాళ్ళ స్థలం కూడా. ఆగితే పదిమంది ఆగే చోటే ఆగాలి. ఇంకోటి, దుమ్ము తుఫాను కమ్మితే రోడ్డు పూర్తిగా దిగి ఆపి, లైట్లన్నీ ఆపేసి, బ్రేక్ మీంచి కాలు తీసెయ్యాలి, లేకపోతే వెనకోడు మీ ఎర్ర లైటు చూసి అదే రోడ్డనుకుని వచ్చి గుద్దేస్తాడు.

ప్రశ్న: అక్కా, మా ఆయన సౌదీ జుబైల్‌లో వెల్డరు. విజిట్ వీసా మీద నన్నూ పిల్లల్నీ రమ్మంటున్నారు. వారానికి ఒక్క శుక్రవారమే సెలవు. ఆ ఎడారిలో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి?
– కవిటి నుంచి ఓ చెల్లెలు

జవాబు: చెల్లెమ్మా, మన ఉద్దానం కొబ్బరితోటల్లోంచి వెళ్తున్నావు కాబట్టి నీకు అల్ అహ్సా చూడాలి. దమ్మామ్ నుంచి హుఫూఫ్ ఊరికి 150 కిలోమీటర్లు, జుబైల్ నుంచి ఇంకో గంట కలుపుకో, దమ్మామ్ నుంచి రైలు కూడా ఉంది. ప్రపంచంలో నేల మీద ఉన్న అతిపెద్ద ఆయిల్ క్షేత్రం ఘవార్ ఆ పక్కనే, అయినా అక్కడ 25 లక్షల ఖర్జూరపు చెట్లున్నాయి, 2018లో యునెస్కో గుర్తింపు ఇచ్చింది. తోటల మధ్య కాలవలు, చెట్ల నీడ చూస్తే నీకు ఇంటి మీద బెంగ కాస్త తగ్గుతుంది. అల్ ఖారా కొండ గుహల్లో వేసవిలో కూడా చల్లగా ఉంటుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళేలా చూసుకో. చాప ఒకటి పట్టుకెళ్ళు, అక్కడి కుటుంబాలు కూడా చాపలేసుకుని గంటలు గంటలు కూర్చుంటాయి, ఎవరూ ఏమనరు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం చీకటి పడకముందే బయల్దేరండి, రాత్రిళ్ళు రోడ్డు మీదకి ఒంటెలొస్తాయి.