సముద్రం అవుతల, ఇవుతల

తమ్ముడూ,

నీ కథ మిర్యాలగూడ బస్సులోనే చదివేశాను. దేవరకొండలో తల్లి, దుబాయిలో కొడుకు. ఫోన్ కోసం ఆమె పడే టెన్షన్ బాగా పట్టుకున్నావు. కానీ ‘ఖండాంతర అనుబంధం’ అని మూడుచోట్ల రాశావు. దేవరకొండ, దుబాయి రెండూ ఆసియాలోనివే కదయ్యా! మధ్యలో అరేబియా సముద్రం ఉంది గానీ ఖండం మారలేదు. పైగా ఆ మాట వినగానే నాకు క్షిపణి గుర్తొస్తుంది. పేపర్లు దాన్ని అట్లా అరగదీశాయి.

నేనేం తక్కువ తినలేదులే. నా మొదటి కథలో దుబాయి పోయేవాణ్ని అట్లాంటిక్ దాటించాను. ఎడిటర్ దానికింద ఎర్రగీత గీసి ‘అట్లాసు కొనుక్కో’ అని తిప్పి పంపాడు.

పోనీ ‘సముద్రాంతర’ అందామా? దేశాంతరం అంటే వేరే దేశం, జన్మాంతరం అంటే మరో జన్మ. ఆ లెక్కన సముద్రాంతరం మరో సముద్రం అవుతుంది. ఇంగ్లీషులో ‘ట్రాన్సట్లాంటిక్’, అంటే అట్లాంటిక్ దాటిన, అన్నప్పుడు వినిపించే దాటడం ఇందులో లేదు.

ఆ ఇంగ్లీషు మాటకు బరువెక్కడిదో చెప్తా. 1858లో ఐర్లండ్ నుంచి అవుతలి ఒడ్డున ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దాకా అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ వేశారు. మూడు వారాలు పలికి మూగబోయింది. 1866లో వేసిన తీగ నిలబడింది. తీగకు రెండు కొసలుంటాయి, ఒక కొసన పలికేవాడుంటే రెండో కొసన వినేవాడుండాలి. ఒడ్డు దాటిపోయిన ప్రతివాడికీ ఆ మాట తగిలించకు. అటు నుంచి కూడా ఏదో ఒకటి రావాలి.

మనకు సముద్రమెక్కడిది అంటావేమో. మన నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఎన్ని చేతులు మారి వచ్చాయో! అవి ఊరికే రావు, ఇక్కడి సరుకేదో అటు పోయే ఉంటుంది. రాస్తే దీని మీద ఒక కథ రాయరాదూ?

ఇక నీ కథ సంగతి. రెండో పేజీలో ఆ తల్లి “సముద్రం అవుతల వాడు, ఇవుతల నేను” అంటుంది చూడు, అది ఉంచు. మూడు ‘ఖండాంతర’లూ తీసెయ్. వాటి చోట కొత్త మాటేం పెట్టొద్దు. ఇంకో విషయం, కొడుకు వైపు నుంచి ఒక్క ముక్కా లేదు. ఆ గదిలో వాడేం వండుకుంటాడు, ఎవరితో మాట్లాడతాడు, అదీ రాసి పంపు.

ఈసారి అంచు కాస్త ఎక్కువ వదులు. నా దగ్గరా ఎర్ర పెన్నుంది.

మీ అన్న